బోరు నీళ్లల్ల యురేనియం ఉందో లేదో గీగర్ కౌంటర్‌తో తెలుస్తదా?

చెలకబోరు (హన్మకొండ):
బోరు 300 ఫీట్లు, కింద అంతా గ్రానైటే. ఫ్లోరైడ్ లీటరుకు 2.1 మిల్లీగ్రాములు వచ్చింది. గీగర్ కౌంటర్ (రేడియేషన్ కొలిచే మీటరు) బిందె పక్కన పెడితే మామూలు రీడింగే, బండ మీద పెడితే పెరుగుతున్నది. అంటే నీళ్లల్ల యురేనియం, థోరియం లేనట్టేనా? టెస్టుకు శాంపిల్ ఎట్ల తీయాలె?

గామా_గట్టు:
లేనట్టు కాదన్నా. యురేనియం వదిలేది ఆల్ఫా కణాలు, అవి నీళ్లలో వెంట్రుక మందం దాటవు. లీటరుకు 30 మైక్రోగ్రాములున్నా దాని ఆక్టివిటీ సుమారు 0.75 బెకరెల్, అంటే నాలుగు సెకన్లకు మూడు అణువులు విచ్ఛిన్నమవుతాయి. ఇక కౌంటర్‌కు ఏం దొరుకుతుంది? బండ మీద పెరిగింది మాత్రం నిజమే. అది గ్రానైట్‌లోని పొటాషియం-40, థోరియం, యురేనియం వరుసలోని మూలకాల గామా.

నీళ్లలో థోరియం కోసం డబ్బు ఖర్చు పెట్టకండి, అది దాదాపు కరగదు, మట్టిలోనే ఉండిపోతుంది. యురేనియం అట్లా కాదు. ఆక్సిజన్ అందిన నీళ్లలో బైకార్బొనేట్‌తో కలిసి సులువుగా కదులుతుంది. క్షారత ఎక్కువున్న నీళ్లలో ఫ్లోరైడ్ కూడా పెరుగుతుంది కాబట్టి రెండూ కలిసి కనిపించొచ్చు, కానీ ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని తేల్చలేం. డబ్ల్యూహెచ్‌ఓ పరిమితి 30 మైక్రోగ్రాములు, మన అణుశక్తి నియంత్రణ బోర్డు ఏఈఆర్‌బీది 60. 30 పెట్టింది రేడియేషన్ భయంతో కాదు, కిడ్నీకి రసాయన హాని చూసి.

నీటిగుర్తు:
శాంపిల్ దగ్గరే ఎక్కువమంది పాడు చేస్తారు. మోటరు వేసి కండక్టివిటీ (నీటి విద్యుత్ వాహకత) నిలకడ అయ్యేదాకా (10–15 నిమిషాలు) నీళ్లు వదలండి, ట్యాంకు నల్ల నీళ్లు వద్దు. హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) బాటిల్ అవే నీళ్లతో మూడుసార్లు కడగాలి. ముందు 0.45 మైక్రాన్ ఫిల్టర్, తర్వాతే నైట్రిక్ యాసిడ్, పీహెచ్ 2 లోపుకు. వరుస తారుమారైతే బురదకు అంటుకున్న యురేనియం కూడా కరిగి లెక్క పెరుగుతుంది. యాసిడ్ అసలే వేయకపోతే బాటిల్ గోడకు అంటి తగ్గుతుంది. క్షారత, ఫ్లోరైడ్, నైట్రేట్ కోసం యాసిడ్ లేని బాటిల్ వేరే. ఎండాకాలం చివర ఒకసారి, వానల తర్వాత ఒకసారి తీస్తేనే పోల్చగలం.

గామా_గట్టు:
ల్యాబులో ఎల్‌ఈడీ ఫ్లోరిమీటర్ (యురేనియం వెలిగే వెలుగును కొలిచే పరికరం) అయితే యాసిడ్ వేసిన సంగతి తప్పక చెప్పండి. అందులో కలిపే పైరోఫాస్ఫేట్ బఫర్ (పీహెచ్ మారకుండా పట్టే ద్రావణం) పీహెచ్‌ను 7 దగ్గర నిలపాలి, యాసిడ్ దాన్ని పడేస్తుంది. ఇనుము, క్లోరైడ్ కూడా వెలుగును మింగేసి రీడింగ్ తగ్గిస్తాయి. అందుకే తెలిసిన మోతాదు యురేనియం కలిపి మళ్లీ కొలిచే స్టాండర్డ్ ఎడిషన్ చేశారా అని అడగండి. ఐసీపీ-ఎంఎస్‌లో (అణువుల బరువును బట్టి లెక్కించే పరికరం) ఈ గొడవ తక్కువ.

మట్టిలో థోరియం చూడాలంటే 105–110 డిగ్రీల్లో ఆరబెట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, గాలి పోని డబ్బాలో కనీసం 28 రోజులు ఉంచి హెచ్‌పీజీఈ (జెర్మేనియం గామా డిటెక్టర్) మీద చూస్తారు. థోరియానికి 911, 2614 కేఈవీ (గామా శక్తి కొలత) గీతలు, యురేనియం వరుసకు 609. మూత సరిగా పడక రాడాన్ (యురేనియం వరుసలో పుట్టే వాయువు) పోతే 609 గీత తక్కువగా చూపుతుంది.

చెలకబోరు:
కాగబెడితే పోతదా?

నీటిగుర్తు:
పోదు, ఇంకా చిక్కబడుతుంది. యూవీ, బొగ్గు ఫిల్టర్లూ దీనికి పనికిరావు. మంచి ఆర్‌ఓ 90 శాతం పైనే తీస్తుంది, కానీ అది వదిలే వేస్టు నీళ్లలో యురేనియం పేరుకుంటుంది. వాటిని ఇంకుడుగుంతలో పోయొద్దు. తాగడానికి, వంటకు భగీరథ నల్ల ఉంటే అదే వాడండి, బోరు నీళ్లు మిగతా పనులకు.