ఊరి సంఘాలకు వాట్సాప్ ఒక్కటే చాలా? మా క్లబ్బులో నెల రోజులుగా ఇదే లొల్లి

దేవరకొండ దారి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్తే. మాది నల్లగొండ జిల్లాలో ఒక చిన్న కంప్యూటర్ క్లబ్బు. పదకొండు మందిమి. ముగ్గురు డిగ్రీ పిల్లలు, ఇద్దరు రిటైరైన సార్లు, ఒక మీసేవ అన్న, మిగతావాళ్లు నాలాగా ప్రైవేటు కొలువులు చేసుకునేవాళ్లు. ఆదివారం పూట కూడి, చుట్టుపక్కల చిన్న సంఘాలకు ఆన్‌లైన్ పనులు నేర్పిస్తుంటాం. యువజన సంఘాలు, సాయంత్రం ట్యూషన్ చెప్పేవాళ్లు, రక్తదానం గ్రూపులు, అట్లాంటివి. పైసా తీసుకోం.

సంగతేమిటంటే, మేం సాయం చేసిన ఒక ట్యూషన్ సంఘంలో మొత్తం పని ఒక్క పిల్లగాడే చూసుకునేవాడు. జీమెయిల్, గూగుల్ డ్రైవ్ (ఫైళ్లు ఆన్‌లైన్లో దాచుకునేది), ఫేస్‌బుక్ పేజీ అన్నీ తన నంబరు మీదే. వాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, సిమ్ మార్చాడు, పాత నంబరుకు రీఛార్జి ఆపేశాడు. ఏడాది తర్వాత వీళ్లు జీమెయిల్ తెరవబోతే ఓటీపీ ఆ పాత నంబరుకే పోతోంది. పాస్‌వర్డ్ వాడికీ గుర్తులేదు. రీఛార్జి లేక రద్దయిన నంబరును కనీసం 90 రోజులు పక్కన పెట్టి, తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తారు కదా, ఇదీ అట్లనే పోయింది. ఫోన్ చేస్తే మిర్యాలగూడలో ఎవరో డీసీఎం డ్రైవరు ఎత్తాడు. అన్నా, మీకొక ఓటీపీ వస్తది, జర చెప్పండి అంటే, "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని మా ఊర్లో మీటింగు పెట్టి చెప్పిన్రు" అని పెట్టేశాడు. తప్పు పట్టలేం, ఊరూరా ఆ మీటింగులు పెట్టింది మాలాంటోళ్లమే.

ఆ దెబ్బతో క్లబ్బు రెండుగా చీలింది. ఇకనుంచి ఏ సంఘానికైనా మొదటిరోజే ఉమ్మడి ఖాతా, డ్రైవ్, షీట్లు (ఆన్‌లైన్లో రాసుకునే లెక్కల పట్టికలు) నేర్పించాల్సిందే అని నేను, మీసేవ అన్న. అవన్నీ పెడితే పారిపోతారు, వాట్సాప్‌లోనే ఉండనీ అని సార్లిద్దరూ. మీరేమంటారు?

మూసీ వంతెన

సార్లే కరెక్టు. కోపం చేసుకోకు తమ్ముడూ. మా రక్తదానం గ్రూపు ఆరేళ్లుగా నడుస్తోంది, ఒక్క షీటు లేదు. రాత్రి పదకొండుకు సూర్యాపేట దవాఖాన నుంచి ఓ నెగెటివ్ కావాలని మెసేజ్ పడితే ఇరవై నిమిషాల్లో ఎవరో ఒకరు బండి తీస్తారు. ఆ టైములో డ్రైవ్ తెరిచి, ఫోల్డరు వెతికి, షీట్లో పేరు చూసి ఫోన్ చేస్తామా? ఇంతకుముందు గ్రూపుకు 256 మందే అని ఇబ్బంది ఉండేది, 2022లో 1024 చేశారు, చాలా గ్రూపుల్ని ఒకచోట కలిపే కమ్యూనిటీలు కూడా అదే ఏడాది వచ్చాయి, ప్రకటనలు ఒకచోట, ముచ్చట్లు ఒకచోట పెట్టుకోవచ్చు. ఇంకేం కావాలి? జనం ఉన్న కాడికి మనం పోవాలె గానీ, మన కాడికి జనాన్ని గుంజుకొస్తే రారు.

పాత మోడెం

జనం ఉన్నచోటికి పోవాలన్న మాట నేను ఇరవై ఏళ్లుగా వింటున్నాను. మొదట యాహూ గ్రూపులన్నారు, పోయాం. ఆర్కుట్ అన్నారు, పోయాం. ఆర్కుట్ 2014 సెప్టెంబరులో మూతపడింది, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో, యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో. టిక్‌టాక్ అయితే 2020 జూన్‌లో ఒక్క రాత్రిలో నిషేధం. మా పాత మిత్రుల సంఘం ఉత్తరాలు, ఫోటోలు, చందాల లెక్కలు యాహూతోపాటే గంగలో కలిశాయి. ముందే హెచ్చరిక మెయిల్ పంపారు, అబద్ధమెందుకు, కానీ ఆ మెయిల్ చూసేవాళ్లెవరూ అప్పటికి గ్రూపులో లేరు.

అందుకని నేననేది, ఏది వాడినా సరే, కాపీ మన దగ్గర ఉండాలి. వాట్సాప్‌లో ఎక్స్‌పోర్ట్ చాట్ అని ఉంటుంది, మూడు నెలలకోసారి నొక్కి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. ఇంతమంది వాడుతున్నారు, ఎంతమంది ఆ బటను చూశారో చెప్పండి.

ఉమ్మడిగా పనిచేయడం మన తెలుగోళ్లకు చేతకాదనుకునేవాళ్లు ఒక్కసారి తెలుగు వికీపీడియా చూడండి. 2003 డిసెంబరు నుంచి నడుస్తోంది. అక్కడ అందరూ మాట్లాడుకునే పేజీకి రచ్చబండ అని పేరు పెట్టుకున్నారు. ప్రతి పేజీకీ "చరిత్ర" ఉంటుంది, ఏ మాట ఎవరు మార్చారు, ఏ తరీఖున మార్చారు, అన్నీ కనబడతాయి. పంచాది వస్తే నువ్వన్నావు నేనన్నానని కొట్టుకునే పని లేదు. సంఘాలకు నేర్పాల్సింది అదీ.

మక్తల్ అక్క

ఇక్కడ రాసినవాళ్లందరూ చదువుకున్న మగవాళ్లేనని అర్థమవుతోంది, ఏమనుకోకండి.

నేను నారాయణపేట వైపు మహిళా సంఘాలతో పనిచేస్తాను. మా దగ్గర సగం ఇళ్లలో మనుషులు పూణెలోనో ముంబైలోనో పనికి పోయి ఉంటారు, పాలమూరు లేబర్ అంటే తెలియనిదెవరికి. ఫోన్ ఇంటికి ఒకటి, అదీ ఆయన చేతిలో. మా అక్కలు షీటు చదవరు. టైపు చేయరు. వాయిస్ పెడతారు. ఒకామె కన్నడం కలిపి మాట్లాడుతుంది, ఇంకొకామె మధ్యలో కోడిని తోలుతూ మాట్లాడుతుంది, ఆ వాయిస్‌లోనే మొత్తం లెక్క ఉంటుంది. ఎవరు ఎంత కట్టారు, ఎవరి బిడ్డ బాలింత, పూణెలో ఏ మేస్త్రీ పైసలు ఎగ్గొట్టాడు, అన్నీ. మీరు పోయి షీట్లు పెడితే ఏమవుతుందో చెప్పనా? షీటు తెరవగలిగిన ఒక్క చదువుకున్న పిల్ల చేతికి సంఘం మొత్తం పోతుంది. ఇంతకుముందు పుస్తకం రాసే అక్క చేతిలో ఉండేది, ఇప్పుడు లాప్‌టాప్ పిల్ల చేతిలో. మీ బెంగళూరు పిల్లగాడి కథ మళ్లీ మొదటికొచ్చినట్టే కదా.

నీళ్ల లెక్క

అక్కా మీ మాటకు దండం, కానీ వాయిస్‌తో కాని పనులుంటాయి. మేం మర్రిగూడ, నాంపల్లి వైపు బోర్ల నీళ్లు పరీక్ష చేస్తుంటాం, ఫ్లోరైడ్ కిట్ పట్టుకుని. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దని లెక్క. అందరికీ తెలిసిన ముచ్చటే, ఫ్లోరైడ్ తీసే పద్ధతికి పేరే నల్లగొండ టెక్నిక్, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నాగ్‌పూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేసింది. మా జిల్లా పేరు ప్రపంచానికి అట్ల తెలియడం ఏం గొప్పో ఏమో.

మొదట మేమూ వాట్సాప్‌లోనే పెట్టేవాళ్లం. "ఎల్లయ్య కాక బోరు 2.8" అని ఒకరు, దాని కింద గుడ్ మార్నింగ్ గులాబీ పువ్వు, దాని కింద పుట్టినరోజు శుభాకాంక్షలు పద్నాలుగు, తర్వాత ఇంకో బోరు. ఆఫీసులో ఒక సారు పోయిన ఎండాకాలం లెక్కలు అడిగితే ఇద్దరం రెండు రోజులు వేలితో పైకి తోసుకుంటూ కూర్చున్నాం. అందులోనూ రెండు బోర్లు ఒకే పేరు. ఇప్పుడు ఒక గూగుల్ ఫారం, తెలుగులో, ఐదు ప్రశ్నలు. ఊరు, బోరు ఎక్కడ, తరీఖు, రీడింగు, ఫోటో. అది దానంతటదే షీట్లో పడుతుంది. ఫారం నింపేవాళ్లకు షీటు ఉందన్న సంగతి కూడా తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. లింకు మాత్రం వాట్సాప్ గ్రూపు పైన పిన్ చేసి పెట్టాం.

బావాజీ టీ

మొత్తం చదవలేదు గానీ టెలిగ్రామ్ బెస్టు.

మూసీ వంతెన

చదవకుండానే తీర్పా 😀 సరే, టెలిగ్రామ్‌లో రెండు లక్షల మంది పడతారు, కొత్తగా చేరినోళ్లకు పాతవి చూపించొచ్చు, నంబరు దాచుకోవచ్చు, అన్నీ ఒప్పుకుంటా. మా అమ్మ ఫోన్లో ఉందా? లేదు. అయిపాయె.

నీళ్ల లెక్క అన్న చెప్పిన ఫారం ముచ్చట మాత్రం బాగుంది, మా రక్తదాతల పేర్లకు పనికొస్తది. అంటే ఓడిపోయినట్టు కాదు.

సర్కారు బడి పంతులమ్మ

ఎవరూ ఎత్తని సంగతి ఒకటి. సంఘాలు ఫేస్‌బుక్ పేజీ పెట్టగానే చేసే మొదటి పని, పిల్లలకు నోటుబుక్కులు పంచుతున్న ఫోటో. పిల్ల మొహం, బడి పేరు, ఊరు, ఒక్కోసారి "తండ్రి లేని నిరుపేద బాలిక" అని కింద రాత. ఆ బిడ్డ పదో తరగతికి వచ్చాక ఆ ఫోటో ఎవరో తీసి క్లాసులో చూపిస్తే ఎట్లుంటదో నేను కళ్లారా చూశాను. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లందరూ పిల్లలే, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల ఉండాలి. చట్టం సంగతి పక్కనపెట్టినా ఇంగితం ఒకటుంటుంది కదా. దాతకు లెక్క చూపాలంటే నోటుబుక్కుల ఫోటో పెట్టండి, చేతులు పెట్టండి, మొహాలెందుకు? కంప్యూటర్ క్లబ్బు తమ్ముళ్లు పేజీ ఎట్ల పెట్టాలో నేర్పే ముందు ఇది నేర్పితే నేను వచ్చి చాక్‌పీసులు అందిస్తా.

కోట బురుజు

గద్వాల నుంచి. ఫార్వర్డుల గురించి ఒక మాట. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు లేచి, దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. అప్పుడు మా జోగులాంబ గద్వాల జిల్లాకు ఎస్పీ రెమా రాజేశ్వరి గారు. కానిస్టేబుళ్లను ఊళ్లకు పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, ఏది నమ్మాలో ఏది నమ్మొద్దో చెప్పించారు. మా దగ్గర ప్రాణాలు పోలేదు. వాట్సాప్ వాళ్లు ఫార్వర్డు ఐదుగురికే అని మనదేశంలో కట్టడి పెట్టింది కూడా ఆ ఏడాది జులైలోనే. నాకైతే ఆ కట్టడి కంటే డప్పే ఎక్కువ పనిచేసిందనిపిస్తుంది.

ఎందుకు చెప్తున్నానంటే, సంఘాల గ్రూపుల్లో కూడా అదే రోగం. అడ్మిన్లు మాత్రమే పోస్టు చేసేట్టు ఒక గ్రూపు, అందరూ మాట్లాడుకునేది ఒక గ్రూపు పెట్టండి. ఒక్కరే అడ్మిన్ వద్దు. ఇద్దరు ముగ్గురుండాలి, అందులో ఒకరు ఊరు విడిచిపోని మనిషి అయ్యుండాలి. మాకైతే కిరాణం కొట్టు ఆయన.

దేవరకొండ దారి

కిరాణం కొట్టు మాట మీద చాలాసేపు నవ్వుకున్నాం గానీ, మా అసలు సమస్యకు అదే జవాబు. డ్రైవా వాట్సాపా అని మేం నెలరోజులు కొట్టుకున్నాం, ఆ ట్యూషన్ సంఘం మునిగింది మాత్రం ఏ యాప్ వల్లా కాదు. ఖాతా మనిషిది, సంఘానిది కాదు. మామూలు జీమెయిల్ ఖాతాతో డ్రైవ్‌లో ఎవరు ఫైలు తయారుచేస్తే వాళ్లే దాని యజమాని, వాళ్ల ఖాతా పోతే ఫైలూ పోతుంది. రెండేళ్లు ముట్టుకోకపోతే గూగులే తీసేయొచ్చు కూడా, 2023 డిసెంబరు నుంచి ఆ నియమం అమల్లో ఉంది.

రిజిస్టరైన సంఘాలైతే గూగుల్ వాళ్లు స్వచ్ఛంద సంస్థలకు ఉచితంగా ఇచ్చే వర్క్‌స్పేస్ (సంస్థ పేరు మీద మెయిల్, డ్రైవ్) తీసుకోవచ్చు. అందులో షేర్డ్ డ్రైవ్ ఉంటుంది, దాంట్లో ఫైళ్లు సంఘానివే, మనిషి పోయినా ఉంటాయి.

మూసీ వంతెన

ఉచితం అనకు. డొమైను (ఆన్‌లైన్లో సంఘానికి సొంత పేరు) కొనాలి, ఏడాదికి వెయ్యి రూపాయల చుట్టూ. రిజిస్ట్రేషన్ కాగితం కావాలి, వాళ్లు పరిశీలించి ఒప్పుకోవాలి. మాలాంటి రిజిస్టరు కాని గ్రూపుకు రాదు, బడికి రాదు, నీ కంప్యూటర్ క్లబ్బుకూ రాదు. డొమైను ఏటేటా రెన్యువల్ చేసేదెవరు? మళ్లీ బెంగళూరు పిల్లగాడేనా?

దేవరకొండ దారి

అన్నా, గట్టిగా పట్టుకున్నావు. రిజిస్టరు కానివాళ్లకు మేం అనుకుంటున్నది ఇదీ: సంఘం కోసమే ఒక సిమ్, మామూలు కీప్యాడ్ ఫోన్లో, సంఘం గదిలోనో కిరాణం కొట్టులోనో ఉంటుంది. ఓటీపీలన్నీ దానికే. రీఛార్జి చందా డబ్బుల్లోంచి. పాస్‌వర్డు, రికవరీ కోడ్లు (ఓటీపీ రాకపోతే ఖాతా తెరవడానికి పనికొచ్చేవి) కాగితం మీద రాసి, కవరులో పెట్టి, ముగ్గురు సంతకాలు చేసి రిజిస్టర్లతోపాటు బీరువాలో. ఫేస్‌బుక్ పేజీకి కనీసం ముగ్గురు అడ్మిన్లు. సార్లిద్దరికీ ఈ కవరు ముచ్చట బాగా నచ్చింది, పరీక్ష పేపర్లలాగా లక్క సీలు వేద్దామంటున్నారు.

మక్తల్ అక్కా, మీరు చెప్పినదానికి మాత్రం మా దగ్గర జవాబు లేదు.

మక్తల్ అక్క

జవాబు లేదని ఒప్పుకున్నందుకు సంతోషం, ఇక్కడ అది అరుదు. మేం ఒకటి మొదలుపెట్టాం, ఇంకా కుదరలేదు. నెలకోసారి మీటింగులో షీట్లో ఉన్నది పైకి చదవాలి, అందరి ముందు. తప్పుంటే అక్కలు అక్కడికక్కడే పట్టుకుంటున్నారు, పోయిన నెల మూడు తప్పులు దొరికాయి, మూడూ లాప్‌టాప్ పిల్లవే. పాపం ఏడ్చింది కూడా. చదివి వినిపించడానికి గంటన్నర పడుతోంది, అది తగ్గించాలి. కీప్యాడ్ ఫోన్ సంగతి మాత్రం నాకు అనుమానమే, చార్జింగు ఎవరు పెడతారు?

దేవరకొండ దారి

మీరడిగింది నిజమే, మొన్న చూస్తే ఆల్రెడీ స్విచాఫ్. కొట్టాయన చార్జరు తన ఫోనుకు వాడుకుంటున్నాడు.

వచ్చే ఆదివారం పదింటికి మా గదిలో కూర్చుని ఆ కవరు, సిమ్ పని రెండు సంఘాలతో చేసి చూస్తాం. పంతులమ్మ గారూ, మీరు చాక్‌పీసులు అన్నారు, మాకు బోర్డు కూడా లేదు, ఉంటే తీసుకురండి. నీళ్ల లెక్క అన్నా, నువ్వు ఆ ఫారం చూపించాలి. ప్లగ్గులు రెండే ఉన్నాయి, వచ్చేవాళ్లు ఇంటి దగ్గరే చార్జింగు పెట్టుకుని రండి.