దివాలా తీసిన కంపెనీ మందు పిల్లాడికి పూయవచ్చా?

సుధ (కేరీ, నార్త్ కరోలినా): మా ఆరేళ్ల బాబుకు చంకలో, పొట్ట మీద నడుమ గుంట పడిన చిన్న పొక్కులు లేచాయి. మొలస్కం అనే వైరస్ అని డాక్టరు జెల్సువ్మీ అనే జెల్ రాశారు. రెండు ట్యూబులు కలిపి రోజుకోసారి పూయాలట. దాన్ని తయారు చేసిన నోవన్ కంపెనీ మన పక్కనే డరంలో ఉండేదని, దివాలా తీసిందని మా వారు అంటున్నారు. నమ్మి పూయవచ్చా?

రమణమూర్తి: పూయవచ్చు సుధ గారూ. నేను చర్మపు మందుల తయారీలోనే ఉన్నాను. నోవన్‌లో పని చేయలేదు గానీ వాళ్ల కథను మొదటి నుంచీ గమనిస్తున్నాను. నైట్రిక్ ఆక్సైడ్ సూక్ష్మజీవుల పని పడుతుంది, కానీ అది వాయువు, ట్యూబులో నిలవదు. అందుకే దాన్ని ఒక పాలిమర్‌లో, అంటే గొలుసులాంటి పెద్ద అణువులున్న పదార్థంలో, బంధించారు. ఒక ట్యూబులో ఆ పాలిమర్, రెండోదానిలో దాన్ని విడిపించే జెల్. కలపగానే వాయువు వెలువడుతుంది కనుక కలిపి పక్కన పెట్టకండి, వెంటనే పూసి పది నిమిషాలు ఆరనివ్వండి.

వాళ్లకు దెబ్బలు తగిలిన మాట నిజమే. 2016లో షేర్లు అమ్మి డబ్బు కూడగట్టారు, 2017 జనవరికల్లా వాళ్ల మొటిమల మందు చతికిలబడింది: రోగుల మీద చేసిన రెండు పరీక్షల్లో ఒకటే నెగ్గింది. మొలస్కం మీద చేసిన రెండు పెద్ద పరీక్షలూ లక్ష్యం చేరలేదని 2020లో తేలింది. పట్టు వదలకుండా 891 మందితో మళ్లీ చేశారు. 12 వారాలకు పొక్కులన్నీ పోయినవారు మందు పూసినవారిలో 32.4 శాతం, ఉత్త జెల్ పూసినవారిలో 19.7 శాతం. అంతటితో ఆగక 2022లో అమ్మకాల సిబ్బందితో సహా మరో కంపెనీని కొన్నారు. నా దృష్టిలో కొంప ముంచింది అదే. 2023 జూలైలో దివాలా పిటిషన్ వేశారు. లిగాండ్ అనే మరో మందుల కంపెనీ సుమారు 1.2 కోట్ల డాలర్లకు ఈ మందును దక్కించుకుంది, 2024 జనవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతీ వచ్చింది. వండినవారు ఒకరు, విస్తరి ముందు కూర్చున్నవారు మరొకరు!

విజయ: 32 శాతమంటే ముగ్గురిలో ఒక్కరికే కదండీ! మా పాపకు ఏమీ పూయకుండానే ఏడాదికి పోయాయి.

రమణమూర్తి: చాలామందికి అలాగే పోతాయి విజయ గారూ, కాకపోతే నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. సుధ గారూ, బాబు గోకుతున్నాడా? గోకితే పాకుతాయి. తువ్వాలు వేరుగా పెట్టండి.

సుధ: గోకుతూనే ఉన్నాడు. తువ్వాలు ఈరోజే వేరు చేశాను. ఇన్సూరెన్సు వాళ్లు అనుమతి ఇస్తే పూయడం మొదలుపెడతాం.