డూమ్ ఎటర్నల్‌లో తూటాలు అస్సలు చాలడం లేదు: నా ఆటతీరే తప్పా?

వేసవిరాత్రి అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. 2016లో వచ్చిన, రాక్షసులను తుపాకులతో కాల్చి చంపే డూమ్ ఆటను నేను మొదటి నుంచి చివరి దాకా మూడుసార్లు ఆడాను. ఆ ఇష్టంతోనే, 2020లో వచ్చిన దాని తరువాతి భాగం డూమ్ ఎటర్నల్‌ను పోయిన నెల తగ్గింపు ధరకు కొన్నాను. మొదటి రెండు మిషన్లు ఎలాగో గట్టెక్కాయి కానీ, మూడోదైన కల్టిస్ట్ బేస్ నుంచి ప్రతి పోరులోనూ ఒకే ఇబ్బంది ఎదురవుతోంది. సూపర్ షాట్‌గన్‌తో నాలుగైదు సార్లు కాల్చేసరికే గుండ్లు అయిపోతున్నాయి, ఆ తరువాత చుట్టూ ఉన్న రాక్షసుల నుంచి పారిపోవడమే నా పని అవుతోంది. పాత డూమ్‌లో సూపర్ షాట్‌గన్ చేతికి వచ్చాక నేను మరో తుపాకీని దాదాపు ముట్టుకోలేదు. ఇక్కడ అదే తుపాకీకి పట్టుమని పాతిక గుండ్లు కూడా పట్టవు.

ఇప్పుడు ఆరో మిషన్ ఆర్క్ కాంప్లెక్స్ చివర వచ్చే మరాడర్ అనే శత్రువు దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను. ఎటు నుంచి కాల్చినా డాలు అడ్డు పెడుతున్నాడు, దగ్గరికి వెళితే తన షాట్‌గన్‌తో కొడుతున్నాడు, దూరంగా ఉంటే గొడ్డలి నుంచి ఎర్రటి మంట విసురుతున్నాడు. ఆడుతున్నది హర్ట్ మీ ప్లెంటీ అనే కష్టస్థాయిలో.

రెండో ఇబ్బంది నా లాప్‌టాప్. అందులో ఉన్నది 4 జీబీ జీటీఎక్స్ 1650 కార్డు, 8 జీబీ ర్యామ్. మాది రామగుండం, ఎండల సంగతి మీకు తెలిసిందే. మొదటి ఇరవై నిమిషాలు సెకనుకు 60 ఫ్రేములతో సాఫీగా నడిచిన ఆట, ఆ తరువాత 35కు పడిపోతోంది. నేను ఓడిపోవడానికి నా చేతకానితనం ఎంత, యంత్రం ఎంత అనేది తేల్చుకోలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

పాతకీబోర్డు జవాబు

వేసవిరాత్రి గారూ, మీరు ఆడుతున్న తీరు 2016 డూమ్‌కు సరిపోయేదే, ఎటర్నల్‌కు మాత్రం సరిపోదు. ఈ రెండు ఆటలూ పైకి అన్నదమ్ముల్లా కనిపించినా, లోపలి లెక్క వేరు. నేను 1993 నాటి మొదటి డూమ్‌ను మా కాలేజీ ల్యాబ్‌లో ఆడినవాణ్ణి. అందులో షాట్‌గన్‌కు 50 గుండ్లు పట్టేవి, వీపుకు తగిలించుకునే సంచీ దొరికితే 100 పట్టేవి. ఆ గుండ్లను ఆట తయారుచేసినవారు ముందే గదుల్లో, మలుపుల్లో పెట్టి ఉంచేవారు, వెతుక్కోవడం మన పని. ఎటర్నల్‌లోనూ నేల మీద కొంత సరుకు దొరుకుతుంది కానీ, పోరు నడుస్తున్నప్పుడు మీకు కావలసినదంతా ఎదురుగా ఉన్న రాక్షసుల ఒంట్లోనే ఉంటుంది. వాటిని ఏ పద్ధతిలో చంపారనే దాన్ని బట్టి ఏది రాలుతుందో నిర్ణయమవుతుంది.

రంపంతో కోస్తే తూటాలు రాలతాయి. దెబ్బలు తిని తూలుతూ నీలంగా మెరిసేదాన్ని, దగ్గరికి వెళ్ళాక నారింజ రంగుకు మారినప్పుడు గ్లోరీ కిల్ చేస్తే, అంటే చేతులతోనే కొట్టి చంపేస్తే, హెల్త్ వస్తుంది. భుజం మీది ఫ్లేమ్ బెల్చ్‌తో ముందు నిప్పంటించి, ఆ మంట ఆరేలోగా కొడితే ఆర్మర్ ముక్కలు రాలతాయి. ఈ మూడింటినీ మీరు అవసరం మీద పడ్డాక చేస్తున్నారని మీ ప్రశ్న చదివితే అర్థమవుతోంది. అవసరం రాకముందే చేయాలి. ముఖ్యంగా రంపం విషయం చూడండి. దానికి మూడు గడుల ఇంధనం పడుతుంది, అందులో మొదటి గడి కాసేపటికి తనంతట తానే నిండుతుంది. జాంబీ, ఇంప్ లాంటి చిన్నవాటిని కోయడానికి ఒక్క గడి చాలు. అంటే ఆ గడి నిండి ఉన్నా మీరు వాడకుండా తిరుగుతున్న ప్రతి క్షణం, ఉచితంగా దొరికే తూటాలను వదులుకుంటున్నట్టే. నిండిందని కనబడగానే దగ్గరలో ఉన్న జాంబీని కోసేయండి, అప్పటికి సగం గుండ్లు మిగిలి ఉన్నా సరే.

ఇంకొక మాట, నాకు చాలా ఆలస్యంగా తెలిసినది. పెద్ద రాక్షసులు బతికి ఉన్నంతసేపు చిన్నవి చాలా పోరుల్లో మళ్ళీ మళ్ళీ పుడుతూనే ఉంటాయి. అడ్డు తొలగిపోతుందని ముందు చిన్నవాటినే ఊడ్చేసే అలవాటు మనందరికీ ఉంటుంది, ఈ ఆటలో అది నష్టం. అవి మీ గాదెలో గింజలు. అవసరమైనప్పుడు తీసుకోవాలి గాని, గాదెను ఖాళీ చేయకూడదు.

ఇక ఒకే తుపాకీ మీద ఆధారపడటం గురించి చెబుతాను. పెద్ద రాక్షసుల్లో చాలావాటికి ఒక బలహీన స్థానం ఉంటుంది. ఆరాక్నోట్రాన్ వీపు మీది తుపాకీని, మాంక్యుబస్ రెండు చేతుల ఫిరంగులను, రెవెనెంట్ భుజాల మీది గొట్టాలను హెవీ కానన్ ప్రెసిషన్ బోల్ట్‌తోనో, కంబాట్ షాట్‌గన్ అంటించే బాంబులతోనో పగలగొట్టండి. కాకోడీమన్ నోరు తెరిచినప్పుడు అందులోకి ఒక్క బాంబు వేస్తే చాలు, అది మింగి, తూలిపోయి, గ్లోరీ కిల్‌కు సిద్ధంగా నిలబడుతుంది. సూపర్ షాట్‌గన్‌తో అయితే అదే కాకోడీమన్‌కు ఎన్ని గుండ్లు పోస్తున్నారో ఒకసారి లెక్కపెట్టి చూడండి. డాళ్ళు పట్టుకున్న సైనికుల గుంపు ఎదురైతే ప్లాస్మా రైఫిల్ తీయండి. ఆ డాలు ప్లాస్మాను తట్టుకోలేక పేలిపోతుంది, పక్కనున్నవాళ్ళను కూడా తీసుకుపోతుంది. ఇలా పని పంచితే ఏ తుపాకీకీ కరువు రాదు.

సెంటినల్ క్రిస్టల్ దొరికినప్పుడు హెల్త్, ఆర్మర్, తూటాలలో ఏది పెంచాలో అడుగుతుంది కదా, తొలి రెండుసార్లు తూటాలనే ఎంచుకోండి. హెల్త్ పెంచుకుంటే ఒక తప్పు తట్టుకుంటారు, తూటాలు పెంచుకుంటే ఆ తప్పు చేయవలసిన పరిస్థితే తగ్గుతుంది.

మరాడర్ విషయంలో ఒకే సూత్రం ఉంది, అది దూరం. మరీ దగ్గర కాకుండా, మరీ దూరం కాకుండా, వాడు గొడ్డలి ఎత్తి మీ మీదికి ఉరికే దూరంలో నిలబడాలి. ఉరికేటప్పుడు వాడి కళ్ళు ఆకుపచ్చగా మెరుస్తాయి, ఒక శబ్దం కూడా వినిపిస్తుంది. ఆ క్షణానికి ముందు కాల్చినా, తరువాత కాల్చినా డాలుకే తగులుతుంది, పైగా డాలును కాలిస్తే వాడి తోడేలు మీ మీదికి వస్తుంది. పచ్చగా మెరిసినప్పుడు సూపర్ షాట్‌గన్‌తో ఒక దెబ్బ, వాడు తూలుతుండగానే బాలిస్టా అనే తుపాకీకి మారి మరో దెబ్బ, వీలైతే మళ్ళీ షాట్‌గన్. ఒక తుపాకీ కాల్చిన వెంటనే మరోదానికి మారితే మొదటిదాన్ని మళ్ళీ నింపేంత వరకు ఆగవలసిన పని ఉండదు. ఇందుకోసం ఆ రెండు తుపాకులనూ వేలు కదపకుండా అందే కీలకు పెట్టుకోండి. నేను మౌస్ పక్క బటన్లకు పెట్టుకున్నాను. తుపాకుల చక్రం తెరిచి ఎంచుకుంటూ కూర్చుంటే ఈ పోరు సాగదు.

గోదారిగట్టు జవాబు

ఆట గురించి పై మిత్రులు చెప్పారు కాబట్టి యంత్రం సంగతి చూద్దాం. మీ లాప్‌టాప్ ఈ ఆటకు చాలుతుంది. తయారీదారులు కనీస అవసరంగా చెప్పిన కార్డుల్లో 4 జీబీ జీటీఎక్స్ 1650 కూడా ఉంది. ఐడీ సాఫ్ట్‌వేర్ వారి ఐడీ టెక్ 7 ఇంజిన్ పీసీలో పూర్తిగా వల్కన్ అనే గ్రాఫిక్స్ సాంకేతికత మీద నడుస్తుంది. తక్కువ శక్తి ఉన్న కార్డులను కూడా బాగా వాడుకుంటుంది కానీ, దానికి వీడియో మెమరీ మీద మాత్రం పట్టింపు ఎక్కువ. సెట్టింగుల్లో టెక్స్చర్ పూల్ సైజ్ అనేది ఉంటుంది, దాన్ని తగ్గించండి. బొమ్మ నాణ్యతలో తేడా మీకు దాదాపు తెలియదు, మెమరీ మాత్రం బాగా మిగులుతుంది. రిజల్యూషన్ స్కేలింగ్‌ను డైనమిక్‌కు మార్చి, లక్ష్యం 60 అని పెట్టండి. పోరు ముదిరినప్పుడు బొమ్మ కాస్త మసకబారినా కదలిక తడబడదు, ఇలాంటి ఆటలో కదలికే ముఖ్యం. మోషన్ బ్లర్‌ను పూర్తిగా తీసేయండి.

అయితే మీ అసలు సమస్య సెట్టింగులు కావు, వేడి. ఇరవై నిమిషాల తరువాత ఫ్రేములు పడిపోతున్నాయంటే, వేడెక్కిన ప్రాసెసర్, కార్డు తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటున్నాయని అర్థం. మాది రాజమండ్రి, మే నెలలో నాదీ ఇదే గొడవ. నేను చేసినది చెబుతాను. మొదట అడుగు భాగం విప్పించి ఫ్యాన్లలోని దుమ్ము తీయించాను. మూడేళ్ళుగా విప్పని ఆ ఫ్యాన్ రెక్కల వెనుక దుమ్ము ముతక గుడ్డలా అట్టకట్టి, ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. ఆ తరువాత లాప్‌టాప్ వెనుక భాగం కింద రెండు అంగుళాల ఎత్తు పెట్టాను. విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99 శాతానికి తగ్గించాను. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది కానీ, దానితో ప్రాసెసర్ వేగాన్ని అదనంగా పెంచే టర్బో బూస్ట్ ఆగిపోయి వేడి స్పష్టంగా తగ్గుతుంది. ఈ ఆటకు మీ ప్రాసెసర్ పూర్తి వేగం అవసరం పడదు. పరుపు మీదా, ఒళ్ళోనూ పెట్టుకుని ఆడకండి. ర్యామ్ ఒకే ముక్కగా ఉంటే, డబ్బు వెసులుబాటు చూసుకుని పక్కన మరో 8 జీబీ వేయించుకోవడం మంచిది.

ఫీల్డ్ ఆఫ్ వ్యూ, అంటే ఒకేసారి తెర మీద కనబడే వెడల్పు, 90 ఉంటుంది, దాన్ని 105 దాకా పెంచి చూడండి. 120 దాకా వెళ్ళవచ్చు కానీ, పెంచేకొద్దీ కార్డు మీద భారం కొంత పెరుగుతుంది. పక్కల నుంచి వచ్చేవి ముందే కనబడితే మీరు వృథాగా తినే దెబ్బలు సగం తగ్గుతాయి.

ఒకేతుపాకి జవాబు

పాతకీబోర్డు గారు చెప్పినవన్నీ నిజమే, వాటిని పాటించి నేనూ ఆట ముగించాను. కానీ ప్రశ్న అడిగినవారు తమ చేతకానితనం అనుకుని కుంగిపోకూడదు కాబట్టి, ఆట వైపు ఉన్న లోపాన్ని కూడా చెప్పాలి. ఈ తాళానికి ఈ చెవే అని ఎటర్నల్ ముందే నిర్ణయించి పెట్టింది. కాకోడీమన్‌కు బాంబు, డాలుకు ప్లాస్మా అంటూ ప్రతిదానికీ ఒక జవాబు ఉంటుంది, దాన్ని ఆట మధ్యలో ఆపి మరీ పాఠంలా చూపిస్తుంది. ఆ పాఠాలను సెట్టింగుల్లో ఆపేసుకునే వీలుంది, అది వేరే సంగతి. పది గంటల పాటు కదులుతూ ఉండమని, తుపాకులు మారుస్తూ ఉండమని నేర్పిన ఆట, మరాడర్ దగ్గరికి రాగానే దూరం కొలుచుకుని ఎదురుచూడమంటుంది. ఆటలోకెల్లా బలమైన తుపాకీ బీఎఫ్‌జీని సైతం వాడు డాలుతో ఆపేస్తాడు. దూకడం, డాష్ చేయడం (ఒక్కసారిగా దూసుకుపోవడం) రెండూ కుదరని ఊదారంగు బురదను నేలంతా పరిచిన చోట్ల, ఇంత వేగం నేర్పింది ఇందుకా అని నాకు నిజంగా బాధ కలిగింది. 2016 డూమ్‌లో మనకు నచ్చిన తుపాకీతో, నచ్చిన తీరున ఆడే స్వేచ్ఛ ఉండేది. ఆ స్వేచ్ఛను కోరుకోవడం తప్పు కాదు.

మరొక సంగతి. 2025లో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ డాలుతో, నిలదొక్కుకుని పోరాడే ఆట. మీ స్వభావానికి అది నచ్చవచ్చు కానీ, రే ట్రేసింగ్ (కాంతి కిరణాలను లెక్కగట్టి బొమ్మ గీసే పద్ధతి) చేయగల కార్డు లేనిదే అది నడవదు, కాబట్టి ఈ లాప్‌టాప్‌లో దాని మీద ఆశ పెట్టుకోకండి.

పాతకీబోర్డు జవాబు

ఒకేతుపాకి గారి మాటల్లో బురద గురించి, మరాడర్ తొలి పరిచయం గురించి నాకు పేచీ లేదు. అయితే తాళం, చెవి అన్న పోలికను పూర్తిగా ఒప్పుకోలేను. బలహీన స్థానాలు త్వరగా అయ్యే దారిని చూపిస్తాయే తప్ప, మిగతా దారులను మూయవు. మాంక్యుబస్‌ను రాకెట్లతో చంపినా ఆట అడ్డుచెప్పదు. ఏ క్షణంలో ఏది రాల్చుకోవాలి, ఎవరిని బతకనివ్వాలి అన్న నిర్ణయాలన్నీ మనవే. 2016 డూమ్‌లో నేను మూడో వంతు ఆట దాటాక ఆలోచించడం మానేశాను, ఎటర్నల్‌లో చివరి పోరు దాకా మానలేకపోయాను. నాకు అదే ఎక్కువ స్వేచ్ఛగా తోచింది.

వేసవిరాత్రి గారూ, విసుగొస్తే కష్టస్థాయిని మెనూలో తగ్గించుకోండి, మొహమాటం అక్కరలేదు. రాక్షసుల ప్రాణబలం మారదు, అవి కొట్టే దెబ్బ, మీదపడే దూకుడు మాత్రం తగ్గుతాయి. అంటే మీరు నేర్చుకున్నది పై స్థాయికి వెళ్ళినా అలాగే పనికొస్తుంది.

వేసవిరాత్రి జవాబు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఐదు రోజుల తరువాత రాస్తున్నాను. దుమ్ము తీయించి, 99 శాతం పెట్టి, వెనుక రెండు పాత డైరీలు ఎత్తుగా పెట్టాక, గంటన్నర ఆడినా ఫ్రేములు 55 కంటే తగ్గలేదు. ఓటమిలో యంత్రం వాటా ఎంతో అప్పుడు తెలిసింది. నేను అనుకున్నంత ఎక్కువేమీ కాదు, ఎందుకంటే సాఫీగా నడుస్తున్న ఆటలో కూడా మొదటి రోజు మరాడర్ చేతిలో తొమ్మిదిసార్లు చచ్చాను.

రెండో రోజు కాల్చడం మానేసి, రెండు మూడు నిమిషాల పాటు వాడి చుట్టూ తిరుగుతూ దూరం మాత్రమే చూశాను. నేను వెనక్కి జరుగుతున్నకొద్దీ వాడు మంట విసురుతున్నాడు, ఆగి నిలబడితే నడిచి వస్తున్నాడు, నేను కాస్త పక్కకు కదిలితే గొడ్డలి ఎత్తుతున్నాడు. ఇన్ని రోజులూ నా వెనకడుగే నాకు శత్రువైంది. ఆ తరువాత పచ్చగా మెరిసిన మూడోసారికి షాట్‌గన్, బాలిస్టా, మళ్ళీ షాట్‌గన్ మూడూ తగిలాయి, వాడు మోకాలి మీదికి వచ్చాడు. మొత్తం ఐదారు సార్లు అలా దొరికాక పడిపోయాడు. నా చేతులు వణుకుతూనే ఉన్నాయి, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను.

గుండ్ల కరువు విషయం పూర్తిగా తీరలేదు. రంపం గడి నిండినట్టు చూసుకోవడం ఇంకా మరిచిపోతున్నాను. అందుకే పూర్తయిన మిషన్లకు తిరిగి వెళ్ళి, సూపర్ గోర్ నెస్ట్‌ను సూపర్ షాట్‌గన్ ముట్టకుండా ఒకసారి ఆడాను. హెవీ కానన్ అంత పనిచేస్తుందని నేను అనుకోలేదు. ఆరాక్నోట్రాన్ వీపు మీది తుపాకీ ఒక్క బోల్ట్‌కు ఊడి ఎగిరినప్పుడు, ఇన్నాళ్ళూ దాని ఎదుట ఎన్ని గుండ్లు పారబోశానో గుర్తొచ్చింది. ఒకేతుపాకి గారూ, మీరు చెప్పిన బురదను నేనూ దాటాను, ఆ చోటు విషయంలో మీతో ఏకీభవిస్తాను.

ఈ రాత్రి తరువాతి మిషన్ మార్స్ కోర్ మొదలుపెడుతున్నాను. ఫ్లేమ్ బెల్చ్‌ను మౌస్ మూడో బటన్‌కు మార్చుకున్నాను.

పాతకీబోర్డు జవాబు

చాలా సంతోషం. మార్స్ కోర్‌లో మీకు బీఎఫ్‌జీ దొరుకుతుంది. దాని తూటాలు చాలా అరుదు కాబట్టి, మూడు పెద్ద రాక్షసులు ఒకే చోట చేరేదాకా ఆగి వాడండి. ముందు ముందు మరాడర్ ఇతర రాక్షసులతో కలిసి వస్తాడు. అప్పుడు వాణ్ణి వదిలేసి, మిగతా పెద్దవాటిని పూర్తిచేసి, చిన్నవాటిని ఒకటి రెండు బతకనిచ్చి, చివర్లో వాడి దగ్గరికి వెళ్ళండి.