పారిభావ్యం వాప్యమా, పారిభావ్యమాప్యమా? చెంగల్వకోష్టులో కలువ ఎక్కడిది?

లేఖిని: అమరంలో (సంస్కృత పర్యాయపదాల నిఘంటువు అమరకోశంలో) కుష్ఠం అనే మందుమొక్క పర్యాయాల పాదం రెండు రకాలుగా నోట్లో తిరుగుతోంది. "వ్యాధిః కుష్ఠం పారిభావ్యం వాప్యం పాకలముత్పలమ్" అనా, "పారిభావ్యమాప్యం" అనా? చివరి ఉత్పలానికీ (కలువకూ), కుష్ఠానికి మన తెలుగు పేరైన చెంగల్వకోష్టులోని కలువకూ చుట్టరికం ఉందా?

గణవిభజన: ఛందస్సు తీర్పు చెప్పదండీ. వాప్యం, ఆప్యం, ఇంకో పాఠమైన వ్యాప్యం మూడూ గురువు, గురువే. ఆప్యం పెడితే ముందు పాదం చివరి "వ్య" లఘువవుతుంది, పాదాంతం కనుక చెల్లుతుంది. నా అనుమానమంతా లేఖకుడి మీదే. మన లిపిలో మా, వా మధ్య తేడా ఒక్క కొమ్మే. "వ్యమాప్యం" కాస్తా "వ్యవాప్యం" అయింది, తర్వాత ఎవరో సున్న చేర్చి దిద్దారు.

పాతపుస్తకం: తెలుగు తాళపత్రం వరకు బాగానే ఉంది. నాగరిలో మ, వ అంత దగ్గర కావు, అయినా సంస్కృత నిఘంటువుల్లో మూడు రూపాలూ కుష్ఠానికే ఉన్నాయి. సంస్కృతంలో వాపి అంటే బావి, దాన్నుంచి వాప్యం; అప్పు అంటే నీరు, దాన్నుంచి ఆప్యం. ఎటు చదివినా నీటి మొక్కే. పక్కనే ఉత్పలం. దాన్నే మనవాళ్లు చెంగల్వ చేశారు.

ఆకుపసరు: మొక్కను చూస్తే ఆ మాట అనరు! కుష్ఠం చేమంతి కుటుంబంది, సాసూరియా కోస్టస్. కాశ్మీరు, లాహౌల్ వైపు సుమారు 2500 నుంచి 4000 మీటర్ల ఎత్తున తేమ గల వాలు పచ్చికల్లో పెరుగుతుంది. మనిషెత్తు కాడ, ముదురు ఊదా రంగు పూగుత్తులు, చుట్టూ రేకల్లాంటి పూలు ఉండవు. మందుకు వేరే కావాలి కనుక తవ్వితే మొక్క పోయినట్టే. అడవి మొక్కకు 1985 నుంచి సైటిస్ (అంతరించే జీవజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో రక్షణ ఉంది. సాగులో రెండు మూడేళ్లు పెంచి, పై భాగం ఎండాక తవ్వి, ముక్కలు కోసి ఆరబెడతారు. కలువ పోలిక వేరులోనూ లేదు, పువ్వులోనూ లేదు.

గణవిభజన: మరి నీరెక్కడిది?

ఆకుపసరు: కెముకది. తెలుగులో చెంగల్వకోష్టు పేరు దానికీ తగిలించారు. అది తేమ నేలల్లో, కాలువ గట్ల మీద పెరిగే అల్లం వరస మొక్క. గ్రీకుల కోస్తోస్ మన కుష్ఠమే, కానీ 1753లో లిన్నేయస్ ఆ పేరును కెముక జాతికి పెట్టాడు. పాత ఇంగ్లీషు నిఘంటువులు కుష్ఠం అనగానే కెముకను చూపిస్తాయి. దుంప విరిచి చూడండి. కుష్ఠమైతే ఘాటైన తియ్యని వాసన, కాస్త చేదు. కెముకకు వాసన దాదాపు ఉండదు. ధూపంలో కుష్ఠం అని కనబడితే కెముక కాదనే లెక్క.

పాతపుస్తకం: అథర్వవేదం (5.4) "యో గిరిష్వజాయథాః" అంటుంది, కొండల్లో పుట్టినదని. హిమవంతం నుంచి తూర్పు జనానికి తీసుకుపోతున్నారనీ అక్కడే ఉంది. మరి అమరంలో బావి ఎందుకొచ్చింది?

లేఖిని: హిమవంతం అన్నారు కాబట్టి అడుగుతున్నా, పెద్దన మనుచరిత్రలో ప్రవరుణ్ణి హిమాలయానికి చేర్చిన పాదలేపంలో ఇది ఉండి ఉంటుందా?

ఆకుపసరు: ఉండదు. కుష్ఠం వాసనంతా వేరులోని తైలానిది, తైలం నీటిలో కరగదు. పెద్దన లేపం మంచునీటికి కరిగిపోయింది.

గణవిభజన: వాసనల కోసమైతే అదే కావ్యంలోని "మృగమదసౌరభవిభవద్విగుణిత" కందం చూడాలి. కస్తూరి, కర్పూరం, తాంబూలం ఉన్నాయి, కుష్ఠం లేదు.

లేఖిని: సరే, అచ్చులో ఏది వేయమంటారు?

పాతపుస్తకం: మూలంలో వాప్యం, మిగతా రెండూ అధోజ్ఞాపికలో.

ఆకుపసరు: అర్థంలో "నీట పుట్టునది" అని మాత్రం వద్దు.

గణవిభజన: వాప్యానికి వ్యుత్పత్త్యర్థం వేయకుండా ఎలాగండీ? పాకలానికీ ఇదే గొడవ, అది ఏనుగులకొచ్చే జ్వరం పేరు కూడా. వ్యాధి అన్నా కుష్ఠమే. జబ్బు పేర్లే మందుకు పెట్టారంటే, వాప్యమూ ఏదో రోగమేమో.

పాతపుస్తకం: ఆ పేరుగల రోగం ఎక్కడుందో ముందు చూపించండి.