మీథేన్ లీకైన చోట రాయి కరగాలి కదా, మరి ఎలా పుడుతోంది?

లోతునీలం:
గ్రీస్‌లో జాకింతోస్ అనే దీవి దగ్గర 2013లో ఈతకి వెళ్ళినవాళ్ళకి నీళ్ళ అడుగున, అయిదు మీటర్ల లోతు కూడా లేనిచోట, బండలు పరిచినట్టు, స్తంభాల పీఠాలు వరసగా నిలబెట్టినట్టు కనిపించాయట. మునిగిపోయిన పాత పట్నం అనుకున్నారు. తీరా వెతికితే ఒక్క కుండపెంకు లేదు, ఒక్క నాణెం లేదు. 2016లో సైంటిస్టులు తేల్చింది ఏంటంటే అవి మనుషులు చెక్కినవి కావు, ప్లయోసీన్ కాలంలో (సుమారు 53 నుంచి 26 లక్షల ఏళ్ళ కిందట) సముద్రం అడుగున మీథేన్ ఊరిన చోట కట్టిన డోలమైట్ (కాల్షియం, మెగ్నీషియం కలిసిన కార్బొనేట్) రాళ్ళు అని. ఇది చదివిన దగ్గర్నుంచి నాకు ఒకటే డౌట్. కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలో కలిస్తే ఆసిడ్ అవుతుంది, సున్నపురాయిని తినేస్తుంది అని కదా చదువుకున్నాం, మీథేన్ కాలినా వచ్చేది ఆ కార్బన్ డయాక్సైడే, అలాంటప్పుడు రాయి కరగాలి గానీ పేరుకోవడం ఏంటి? పైగా గుండ్రంగా, మధ్యలో కన్నంతో?

బురదలోబతుకు:
మీ డౌట్ చాలా సరైన చోట ఉందండి. ఆక్సిజన్ ఉన్న నీళ్ళలో బ్యాక్టీరియా మీథేన్‌ని తింటే మీరన్నట్టే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అక్కడ రాయి కట్టదు, ఉన్నది కూడా కొంచెం కొంచెంగా తినుకుపోతుంది. కానీ బురదలో కొద్ది సెంటీమీటర్లు కిందికి పోతే ఆక్సిజన్ అయిపోతుంది, గంధకం, ఆక్సిజన్ కలిసిన సల్ఫేట్ మాత్రం బోలెడు మిగిలి ఉంటుంది (లీటరు సముద్రపు నీటిలో దాదాపు 2.7 గ్రాములు). అక్కడ ఆర్కియా అనే సూక్ష్మజీవులు, సల్ఫేట్‌తో బతికే బ్యాక్టీరియా కలిసి గుంపుగా కాపురం ఉంటాయి. ఆర్కియా మీథేన్‌ని విడగొడతాయి, పక్కనున్న బ్యాక్టీరియా ఆ ఎలక్ట్రాన్లని సల్ఫేట్ మీదికి తోస్తాయి. ఆ గుంపుల్ని అమెరికా ఒరెగాన్ తీరం దగ్గరున్న హైడ్రేట్ రిడ్జ్ బురదలో మైక్రోస్కోప్ కింద చూసి 2000లో బయటపెట్టారు. వీటికి దక్కే శక్తి ఎంత తక్కువంటే ఒకటి రెండు కావడానికే నెలలు పడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఒక మీథేన్, ఒక సల్ఫేట్ ఖర్చయితే ఒక బైకార్బొనేట్, ఒక సల్ఫైడ్ వస్తాయి. ఆసిడ్ పెరగదు, క్షారగుణం పెరుగుతుంది. నీళ్ళలో కాల్షియం ఎలాగూ ఉంది, లీటరుకి 0.4 గ్రాములు. బైకార్బొనేట్ కుప్పలుగా చేరేసరికి ఇక కరిగి ఉండలేక ఆ కాల్షియంతో కలిసి కార్బొనేట్‌గా దిగిపోతుంది, బురద రేణువుల మధ్య సిమెంట్ పోసినట్టు. అదే మీథేన్, ఊపిరికి ఆక్సిజన్ వాడితే రాయి పోతుంది, సల్ఫేట్ వాడితే రాయి వస్తుంది.

దీనికి నల్ల సముద్రాన్ని మించిన రుజువు నాకు తెలీదు. అక్కడ లోతు నీళ్ళలో ఆక్సిజన్ అసలు లేదు కాబట్టి ఈ జీవులు బురదలో దాక్కోవాల్సిన పని లేదు, 230 మీటర్ల లోతులో నాలుగు మీటర్ల ఎత్తు గోపురాలు నేరుగా నీళ్ళలోకి లేచి నిలబడ్డాయి, చుట్టూ దట్టమైన జీవుల పొరతో.

లోతునీలం:
చాలా థాంక్స్ అండి, అర్థమైంది. మరి లక్షల ఏళ్ళ తర్వాత ఎండిన రాయి చేతిలో పెట్టి ఇది మీథేన్ వల్లే అని ఎలా చెప్తారు?

సన్నపలక:
దీనికి నేను చెప్తా. మొదటి సాక్ష్యం కార్బన్ ఐసోటోపులు, అంటే బరువులో తేడా ఉన్న కార్బన్ రకాలు. మామూలు సముద్రపు సున్నపురాయిలో కార్బన్ 13 (బరువైన రకం) విలువ, అంటే ఒక ప్రామాణిక రాయితో పోలిస్తే వెయ్యికి ఎంత తేడా అన్నది, సున్నా దగ్గర ఉంటుంది, మీథేన్‌లో బరువైన కార్బన్ చాలా తక్కువ కాబట్టి దాన్నుంచి పుట్టిన రాయి వెయ్యికి మైనస్ 30, మైనస్ 50 దాకా కూడా పోతుంది. అంత కిందికి లాగగలిగింది మీథేన్ తప్ప ఇంకోటి లేదు. సముద్రపు నీటి కార్బన్ కలిసిపోతే ఆ అంకె పైకి జరుగుతుంది, అప్పుడు రాతిలో ఇరుక్కున్న ఆర్కియా కొవ్వుల్ని వెతుకుతారు, ఆర్కియోల్, క్రోసిటేన్ లాంటివి.

నా మటుకు నాకు కంటికి కనిపించేదే ఇష్టం. ఇలాంటి రాయిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి మైక్రోస్కోప్ కింద పెడితే మసకగా గడ్డలు గడ్డలుగా ఉన్న బూడిదరంగు బురద, దాని అంచు నుంచి ఖాళీలోకి విసనకర్రలా విచ్చుకున్న అరగొనైట్ (కాల్షియం కార్బొనేట్‌లో ఒక రకం) సూదులు. అక్కడక్కడ నల్లటి చుక్కలు, జూమ్ చేస్తే ఒక్కో చుక్కా సన్నటి స్ఫటికాల గుత్తి, అది పైరైట్, ఇందాక చెప్పిన సల్ఫైడ్ ఇనుముతో కలిసి మిగిల్చినది. మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు ఆ పలక తియ్యబుద్ధి కాలేదు.

బురదలోబతుకు గారూ, ఒక్క మాట కలుపుతా, ఏ ఖనిజం కడుతుందన్నది లోతుని బట్టి మారుతుంది. సల్ఫేట్ దండిగా ఉండే పై పొరల్లో అరగొనైట్, కింద సల్ఫేట్ అయిపోయే చోట డోలమైట్. కాబట్టి జాకింతోస్ రాళ్ళు డోలమైట్ అంటేనే అవి బురద లోపల పుట్టాయని అర్థం. కొలరాడోలో ప్యూబ్లో దగ్గర టీపీ బ్యూట్స్ అని గుడారాల్లాంటి గుట్టలు ఉన్నాయి, దాదాపు 7.5 కోట్ల ఏళ్ళ నాటివి, అవి అప్పట్లో అక్కడున్న సముద్రం అడుగు దగ్గర పుట్టినవి, అందుకే వాటి నిండా లూసినిడ్ ఆల్చిప్పలు. మొప్పల్లో బ్యాక్టీరియాని పెంచుకుని సల్ఫైడ్ మీద బతికే జాతి అది. చుట్టూ ఉన్న మెత్తటి షేల్ (బురద గట్టిపడిన పలకరాయి) కొట్టుకుపోయి గట్టి రాయి గుట్టగా మిగిలింది.

బురదలోబతుకు:
అవునండి, లోతు సంగతి నేను వదిలేశాను. ఆకారం గురించి ఇంకా చెప్పలేదు కదా. గ్యాస్ బురదలోంచి సన్న గొట్టంలా దారి చేసుకుని పైకి వస్తుంది, ఆ దారి చుట్టూ రాయి కడుతూ పోతుంది, నడుమ పారుతూ ఉన్నంతకాలం కన్నం తెరుచుకునే ఉంటుంది. ఒక్కోసారి రాయే దారి మూసేస్తుంది, అప్పుడు గ్యాస్ పక్కకి తిరిగి ఇంకోచోట పొడుచుకొస్తుంది, అక్కడ ఇంకో గొట్టం. తర్వాత ఎప్పుడో అలలు మెత్తటి బురదని కడిగేస్తే గట్టి గొట్టాలే మిగులుతాయి, మీరు చెప్పిన కన్నాల పీఠాలు అవే.

లోతునీలం:
మరి వరసగా ఎందుకున్నాయి? జనం మోసపోయింది ఆ వరస చూసే కదా.

బురదలోబతుకు:
కింద నేలలో పగులు ఉండి ఉంటుందనే పరిశోధకులు కూడా అన్నారు. గ్యాస్‌కి పైకి రావడానికి అన్నిటికన్నా సులువైన దారి పగులే కాబట్టి అది ఎటు సాగితే ఊటలూ అటే సాగుతాయి, ఎక్కువ వచ్చిన చోట పెద్ద పీఠం, కొంచెమే వచ్చిన చోట చిన్నది.