సీసీ41 ముద్ర ఉన్న సూటుకి టర్నప్సా? ఇది ఏ ఏటిదో చెప్పగలరా

లీడ్స్_చలి:

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం లీడ్స్‌లో ఒక వింటేజ్ ఫెయిర్‌కి వెళ్లి, 85 పౌండ్లు పెట్టి పాత సూటు కొన్నాను. ఇదే నా మొదటిది. "ఎవరో పోయినాయన బట్టలు డబ్బులిచ్చి మరీ తెచ్చావా" అని మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. అది వేరే కథ.

గోధుమరంగు ఉన్ని. దూరం నుంచి ప్లెయిన్‌గా ఉంటుంది, దగ్గరికొస్తే సన్నటి హెరింగ్‌బోన్ నేత, చేప ముల్లులాంటి గీతలది. కోటు, ప్యాంటు అంతే, వెయిస్ట్‌కోట్ లేదు. ముందు మూడు గుండీలు. చేతుల చివర మాత్రం ఒక్క గుండీ లేదు, ఊడిపోయిన గుర్తు కూడా లేదు. లోపల చిన్న గుడ్డ ముక్క మీద సీసీ41 ముద్ర ఉంది. ఒక్కో ముక్క కోసేసిన రెండు జున్ను చక్రాల్లా ఉంటుంది చూడండి, అదే.

అమ్మినాయన "1942, గ్యారంటీ" అన్నాడు. ఇంటికొచ్చి చదివితే ఆ రోజుల్లో ప్యాంట్లకి టర్నప్స్, అంటే కాలి అంచుని బయటికి తిప్పిన మడతలు, పెట్టకూడదని ప్రభుత్వం రూలే పెట్టిందట! నా ప్యాంటుకి అంగుళంన్నర టర్నప్స్ భేషుగ్గా ఉన్నాయి. మోసపోయానా?

ఇంకో తలనొప్పి, ప్యాంటుకి బెల్టు లూపులు లేవు. కుట్టించేయనా? ఎడమ మోకాలి వెనక కందిగింజంత పురుగు చిల్లు ఉంది. మొత్తం ఒకసారి డ్రై క్లీనింగ్‌కి ఇచ్చి, సెప్టెంబర్‌లో గుడ్‌వుడ్ రివైవల్‌కి, అదే అందరూ పాతకాలం బట్టల్లో వెళ్లే పాత కార్ల రేసులకి, వేసుకెళ్లాలని ఆశ. అక్కడ సర్క్యూట్ నడిచింది 1948 నుంచి 1966 దాకా కదా, ఈ సూటు మరీ పాతదైపోతుందా?

పాతకోటు:

తమ్ముడూ, ముందు కాసేపు కూర్చో. లూపులు కుట్టించకు, డ్రై క్లీనర్ దగ్గరికి వెళ్లకు. మిగతావి నిదానంగా చూద్దాం.

నువ్వు చదివింది నిజమే, కానీ రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. సీసీ41 అనేది రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడి ప్రభుత్వం పెట్టిన యుటిలిటీ పథకం గుర్తు. గుడ్డ నాణ్యత ఇంత ఉండాలి, ధర ఇంత దాటకూడదు అన్న హామీ అది. ఆ పథకం 1952 దాకా నడిచింది. అంటే ముద్ర ఉన్నంత మాత్రాన యుద్ధకాలం నాటిదని కాదు, 1950లో కుట్టిన సూటుకీ ఉండొచ్చు. టర్నప్స్ వద్దన్నది ఆస్టెరిటీ రూల్స్, అంటే పొదుపు నియమాలు. అవి 1942లో వచ్చాయి. డబుల్ బ్రెస్టెడ్ కోటు వద్దు, టర్నప్స్ వద్దు, చేతులకి ఉత్తుత్తి గుండీలు వద్దు. గుడ్డ, దారం, గుండీ ఏదీ వృథా కాకూడదని. మగవాళ్ల సూట్ల మీద ఆ ఆంక్షలు 1944 మొదట్లోనే ఎత్తేశారు, ఎందుకంటే జనం మామూలుగా తిట్టుకోలేదు. అన్నిటికన్నా ఎక్కువ ఏడ్చింది టర్నప్స్ గురించే!

నీ కోటు చేతులకి గుండీలు లేవన్నావు చూడు, నాకు అక్కడ ఆశ పుట్టింది. కోటు ఆ రెండేళ్లదే అనిపిస్తోంది. మరి టర్నప్స్ ఎక్కణ్నుంచి వచ్చాయంటే, అప్పట్లో చాలామంది కావాలనే పొడుగు ప్యాంటు కొనుక్కుని, ఇంటికెళ్లి మడిచి కుట్టుకునేవాళ్లు. బట్టలకి రేషన్ కదా, సూటుకి 26 కూపన్లు పోయేవి, కోటుకి 13, వెయిస్ట్‌కోట్‌కి 5, ప్యాంటుకి 8. మొదటి ఏడాది మనిషికి ఇచ్చిందే 66. అన్ని కూపన్లు పోసి టర్నప్ లేని ప్యాంటు తెచ్చుకోవాలంటే ఎవరికైనా ఒళ్లు మండదా? కాబట్టి కుట్టు చూడు. లేబుల్ అబద్ధమాడొచ్చు, అమ్మేవాడు ఎలాగూ ఆడతాడు, దారం ఆడదు.

ఇక లూపులు. ఆ ప్యాంటు బొడ్డు దాకా వస్తుంది, బ్రేసెస్ మీద, అంటే భుజాల మీదుగా వెళ్లే పట్టీల మీద వేలాడాలి. నడుం పట్టీకి ముందు నాలుగు, వెనక రెండు గుండీలు ఉంటాయి, చూసుకో. బెల్టు బిగిస్తే ముందు మడతలన్నీ గుడ్డల మూటలా పోగవుతాయి. షాపులో మాత్రం సస్పెండర్స్ అని అడగకు. నేను వచ్చిన కొత్తలో మాంచెస్టర్‌లో అలాగే అడిగితే ఆ అమ్మాయి పెదవి బిగబట్టుకుని ఆడవాళ్ల లోదుస్తుల వైపు దారి చూపించింది. ఇక్కడ ఆ మాటకి అర్థం మేజోళ్లు పట్టి ఉంచే సామాను.

డ్రై క్లీనింగ్ గురించి ఎందుకంత గట్టిగా చెప్పానంటే, నా నేవీ బ్లూ సూటు, 1950ల నాటిది, ఒకచోట ఇచ్చాను. చంకల్లో లైనింగ్ పేలికలై తిరిగొచ్చింది. అది పోతే పోయింది, కొత్తది వేయించుకోవచ్చు. లాపెల్, అదే కోటు ముందు మడిచిన అంచు, పై గుండీ దగ్గర మెత్తగా దొర్లినట్టు ఉండేది, దాన్ని ఇస్త్రీతో అణిచి అట్టముక్క చేసి ఇచ్చాడు. నెల రోజులు ఆవిరి పట్టినా పూర్తిగా లేవలేదు. అప్పటి నుంచి నాది ఒకటే పద్ధతి. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపడం, తడి గుడ్డతో మరక అద్దడం, వేడి నీళ్లు పట్టాక బాత్‌రూమ్‌లో ఒక గంట వేలాడదీయడం. వాసన పోవడానికి కిటికీ దగ్గర రెండు రోజులు.

గుడ్‌వుడ్‌కి నిరభ్యంతరంగా వేసుకో. బట్టల రేషన్ 1949 మార్చి దాకా ఉంది, 1948లో సగం దేశం ఇలాంటి పాత సూట్లలోనే తిరిగి ఉంటుంది.

సూదీదారం:

నేను లెస్టర్‌లో ఆల్టరేషన్స్ చేస్తాను. పాత సూట్లు నెలకి ఒకటో రెండో వస్తాయి. టర్నప్ సంగతి ఇలా తేల్చుకోండి.

రెండు పక్కల కుట్ల దగ్గర టర్నప్‌ని నాలుగైదు టాకాలే పట్టి ఉంచుతాయి. ఒక కాలికి అవి విప్పి, మడత కిందికి దించండి. టైలర్ మొదటే టర్నప్ కోసం కత్తిరించి ఉంటే గుడ్డ చివర టర్నప్‌తో ఆగదు, కాలి లోపలికి పైదాకా పోతుంది. మామూలు అంచుని తర్వాత ఎవరో బయటికి తిప్పి ఉంటే ఆ చివర టర్నప్ అడుగునే తేలుతుంది. దారం రంగు కూడా చూడండి. టర్నప్ పై అంచు మడమ వైపు ఎలా ఉందో చెప్పండి.

చిల్లుకి కంగారు పడకండి, రఫ్ఫు చేస్తే పోతుంది. అదే గుడ్డలో కనిపించని చోట నుంచి పోగులు లాగి నేయాలి, కొత్త ఉన్ని పెడితే రంగు కలవదు. ముందు పురుగు సంగతి చూడండి. చిల్లు చేసేది ఎగిరే చిమ్మట కాదు, దాని పిల్ల పురుగు, ఆ పురుగులు మీ బీరువాలోకి పాకితే మీ ఆవిడ ఇంకో రెండు రోజులు కాదు, రెండు నెలలు మాట్లాడరు. సూటుని పాలిథిన్ కవర్‌లో గాలి లేకుండా మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక వెంటనే విప్పొద్దు. గది వేడికి వచ్చేదాకా ఆగకపోతే చెమ్మ గుడ్డ మీదే పడుతుంది.

ఇంకోటి. వేసుకుని కూర్చునే ముందు ప్యాంటు వెనక కుట్టు మొత్తం మళ్లీ కుట్టించండి. ఉన్ని ఎనభై ఏళ్లు నిలుస్తుంది, దాన్ని పట్టుకున్న నూలు దారం నిలవదు. ఆ కుట్టు లోపల గుడ్డ బాగా వదిలి ఉంటే నడుం కూడా ఒక అంగుళం పెంచుకోవచ్చు. భుజాలు మాత్రం సరిపోయాయో లేదో చెప్పలేదు మీరు. అవి సరిపోకపోతే నా దగ్గర మందు లేదు.

లీడ్స్_చలి:

భుజాలు సరిపోయాయండీ, ప్యాంటే కొంచెం బిగుతు.

నిన్న రాత్రి ఎడమ కాలు విప్పాను. చేతులు వణికాయంటే నమ్మండి. ముందు లోపల్నుంచి బూడిదరంగు నూగు ఉండలా రాలింది, అందులో రెండు పొగాకు పోగులు, ఒక గడ్డి విత్తనం. మడత లోపలి గుడ్డ చూస్తే మతిపోయింది. నేను గోధుమరంగు అనుకున్నది ఎండకి వెలిసిన రంగు. అసలుది ముదురు చాక్లెట్, మధ్యలో తుప్పురంగు పోగు.

సూదీదారం అక్క చెప్పినట్టే గుడ్డ చివర టర్నప్ అడుగునే ఆగిపోయింది. ప్యాంటంతా గోధుమ దారం, ఆ టాకాలు మాత్రం నల్లదారం, ఒకటి పొడుగ్గా ఒకటి పొట్టిగా, వంకర టింకరగా. ఇక పై అంచు, మడమ వైపు మాత్రమే పోగులు అరిగి తెల్లబడ్డాయి. టర్నప్ పై అంచు నేలకి తగలదు కదా, అక్కడెలా అరుగుతుంది?

పాతకోటు:

ఎందుకంటే ఒకప్పుడు అదే కింది అంచు, తమ్ముడూ. కొన్నాళ్లు పొడుగ్గానే, మడమ కింద ఈడ్చుకుంటూ తొడిగాడు. తర్వాత ఎవరో, వాడో వాళ్లావిడో, నల్లదారం తీసుకుని పైకి తిప్పారు. కొన్నప్పుడు టర్నప్స్ లేవన్నమాట. చేతులకి గుండీలు లేని కోటుతో కలిపి చూస్తే, 1942కీ 1944 మొదటికీ మధ్యదని నేను పందెం కాస్తాను. అమ్మినవాడు గాల్లో రాయి విసిరాడు, తగిలింది.

ఆ నల్లదారం తీసిపారేయకు. అదే దారంతో మళ్లీ టాకాలు వేయించు.

టెరిలీన్_బాబు:

సీసీ41 లేని సూట్లు కొనేవాళ్ల కోసం రెండు ముక్కలు. ఉన్ని ఉండలాంటి ఊల్‌మార్క్ గుర్తు ఉంటే 1964కి ముందుది కానే కాదు. ధర చీటీ షిల్లింగుల్లోనో గినీల్లోనో ఉంటే 1971 ఫిబ్రవరికి ముందుది. టైలర్ దగ్గర కొలతలిచ్చి కుట్టించుకున్నదైతే లోపలి జేబులో చెయ్యి పెట్టి చూడండి, చాలాసార్లు కొన్నాయన పేరు, తేదీ సిరాతో రాసి ఉంటాయి. దాన్ని మించిన సాక్ష్యం లేదు. నా పేరు చూసి నవ్వకండి, నా మొదటి "1930ల ట్వీడ్" లోపల టెరిలీన్ (పాలిస్టర్) అని రాసి ఉంది. ఆ పోగు కనిపెట్టిందే 1941లో.

సూదీదారం:

అరిగిన అంచుని కత్తిరించొద్దు. లోపలి వైపు సన్నటి టేపు వేస్తే ఇంకా అరగకుండా ఆగుతుంది. రఫ్ఫుకి పోగులు కూడా ఆ టర్నప్ లోపల్నుంచి తీయకండి, అది వెలవని రంగు, మోకాలి దగ్గర చుక్క పెట్టినట్టు కనబడుతుంది. నడుం పట్టీ వెనక కొంచెం వెలిసిన చోటు వెతకమనండి.

లీడ్స్_చలి:

అందరికీ థాంక్స్. బ్రేసెస్ ఆర్డర్ పెట్టాను, బ్రేసెస్ అనే అడిగాను. ఫ్రీజర్‌లో చోటు కావాలంటే రెండు సంచుల బఠాణీలు, చేపముక్కలు ఖాళీ చేయాలి. పోయినాయన ప్యాంటు తిండి పక్కన ఎలా పెడతావని మా ఆవిడ అడుగుతోంది. కనీసం మాట్లాడుతోంది.