రోడ్డు మీద తెల్లగీతలో ‘సబ్లైమ్’ ఉంటుందా? నస్రీన్ మొహమ్మదీ బొమ్మల గురించి

గీతాగోల:
రెండు వారాలుగా నస్రీన్ మొహమ్మదీ బొమ్మలే చూస్తున్నాను. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1937లో కరాచీలో పుట్టారు, బొంబాయిలో పెరిగారు, లండన్‌లో చదివారు. 1972 నుంచి 1990లో చనిపోయేదాకా బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ చెప్పారు. మొదట్లో రంగులు, బ్రష్షు. 70లకి వచ్చేసరికి పెన్సిలు, ఇంకు, ఇంజినీర్లు వాడే డ్రాయింగ్ సామాను. కాగితం మీద సన్నటి గీతలు, అంతే. బొమ్మకి పేరు ఉండదు, చాలావాటికి తేదీ కూడా ఉండదు. ఆవిడ ఫొటోలు కూడా తీసుకునేవారు: రోడ్డు మీద గీతలు, మగ్గం మీద దారాలు, ఫతేపూర్ సిక్రీ కట్టడాలు. బతికుండగా వాటిని ప్రదర్శనకి పెట్టలేదు.

రోజూ చూసేవాటిలోనే ఆవిడ ‘సబ్లైమ్’ని, అంటే మనసుని ఒక్కసారిగా ముంచెత్తే మహత్తుని, పట్టుకున్నారని విమర్శకులు రాస్తుంటారు. నాకు అక్కడే పేచీ. 1757లో ఎడ్మండ్ బర్క్ అనే తత్వవేత్త ఆ మాటని భయంతో ముడిపెట్టాడు. హోరుమనే సముద్రం, చీకటి, అంతులేని విస్తీర్ణం. జీబ్రా క్రాసింగ్ చూసి ఎవరికండీ ఒళ్లు జలదరించేది? లారీ వస్తే తప్ప.

కొత్తపేట_శీను:
ఆ లారీ మాట బావుంది 😀 నాకైతే ఇదంతా ధర పెంచడానికి చెప్పే కబుర్లే. 2013లో ముంబై వేలంలో ఇలాంటి బొమ్మే 23 కోట్లు దాటిందిగా.

గీతాగోల:
అది గాయ్‌తోండే అనే ఇంకో చిత్రకారుడి ఆయిల్ పెయింటింగ్, శీనూ. నస్రీన్‌ది కాదు. ఆవిడకి ఆయన గురువులాంటి వారే అనుకో. ధర సంగతి ఇంకో థ్రెడ్‌లో తేల్చుకుందాం.

సంధ్యారాగం:
గీత గారూ, బర్క్‌ని మీరు సగంలో వదిలేశారు. భయంతో పాటు ఆయన ఇంకోటి కూడా చెప్పాడు: ఒకే రకం వస్తువులు వరసగా వస్తూ ఉంటే, అవి అయిపోయాక కూడా మనసు ఆగదు, ఇంకా ఉన్నాయనే అనుకుంటుంది. దానికి ‘కృత్రిమ అనంతం’ లాంటి పేరే పెట్టాడు. స్తంభాల వరసలు అలా పనిచేస్తాయంటాడు. నస్రీన్ గీతలు కాగితం అంచు దగ్గర ఆగిపోతాయి, కన్ను మాత్రం ఆగదు. బర్క్ లెక్కలోనే ఆవిడ పాసు.

అసలు గొడవ మన అనువాదంతో అనిపిస్తుంది. సబ్లైమ్‌ని ‘ఉదాత్తం’ అంటాం. ఆ మాట వినగానే ధీరోదాత్తుడైన నాయకుడు గుర్తొస్తాడు గానీ తెల్లగీత గుర్తురాదు. అద్భుత రసం అంటే దగ్గరగా ఉంటుందేమో. రోమాంచం అక్కడ ఎటూ ఉంది.

పడుగుపేక:
ఎప్పుడూ చదివి వెళ్లిపోతుంటాను, మగ్గం ఫొటో అన్నారని రాస్తున్నా. మాది నేతపని చేసే ఇల్లు. గుంట మగ్గం. ఆ ఫొటో నేనూ చూశాను. దారాలే ఉన్నాయి, నేసే మనిషి లేడు. మొదట కోపం వచ్చింది. పొద్దుట్నుంచి గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాడికి కనపడేది అనంతం కాదండీ, నడుం నొప్పి.

కానీ ఆవిడ చూసినచోటు తప్పు కాదు. పడుగు మీద, అంటే మగ్గానికి నిలువుగా బిగించిన దారాల్లో, ఒక పోగు తెగితే మా నాన్న వెంటనే లేచి వెతకడు. తల వంచి, కన్ను పోగుల ఎత్తుకి దించి, పక్కవాటంగా చూస్తాడు. అలా చూస్తే పోగులు పోగుల్లా ఉండవు, నీళ్ల మీద వెలుతురులా ఉంటాయి. అందులో ఒక్కచోట సన్నటి నల్ల సందు కనిపిస్తుంది. తెగింది అక్కడే. చిన్నప్పుడు నేను కూడా ఆయన పక్కన గడ్డం ఆనించి చూసేవాణ్ణి, సందు కనపడేదాకా ఊపిరి తీసుకునేవాణ్ణి కాదు. భయమా అంటే అవుననే చెప్తా. ఆ పోగు దొరక్కపోతే చీరలో గీత పడుతుంది, కూలి తెగ్గోస్తారు.

ఆ ఫొటో తీసినావిడ కూడా కన్ను అంత కిందికి దించే ఉంటుంది. నిలబడి చూస్తే మగ్గం అలా కనపడదు.

కొత్తపేట_శీను:
అన్నా, నా మాట వెనక్కి తీసుకుంటున్నా. సగం.

సంధ్యారాగం:
చివరి ఏళ్లలో ఆవిడకి నరాల జబ్బు, కాళ్లూ చేతులూ మాట వినేవి కావు. అయినా గీత వంకర పోలేదు. అది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

గీతాగోల:
సంధ్య గారూ, అది ఆవిడ మీద గౌరవం పెంచుతుంది, ఒప్పుకుంటా. బొమ్మలో ఏముందో మాత్రం చెప్పదు. జబ్బు సంగతి తెలియనివాడికి కూడా ఆ గీత ఏదో ఒకటి చెయ్యాలి కదా? కృత్రిమ అనంతం మాటకి నా దగ్గర జవాబు లేదు, మళ్లీ చదవాలి.

పడుగుపేక గారూ, ఒక్కటి అడగొచ్చా? ఆ ఫొటో మీ నాన్నగారికి చూపించారా?

పడుగుపేక:
చూపించానండీ. ఫోన్ దగ్గరికి లాక్కుని కాసేపు చూసి, “పడుగు బాగా బిగించారు” అన్నాడు.